కబురు చేస్తామన్నారు

“ఆంటీ, ఈ పుస్తకం ఎన్ని రోజుల్లో వచ్చేస్తుంది?” అంటూ మా వెనకింటి అమ్మాయి ఓ సాయంత్రం వచ్చి మెట్టుమీద చతికిలబడింది. పుస్తకం ఒళ్ళోనే ఉంది గదా, ఇంకా వచ్చేదేమిటీ అని మీరు అడగరు. నేనూ అడగలేదు. వచ్చెయ్యడమంటే నోటికి రావడమని మనకి ఒకరు చెప్పనక్కర్లేదు. అదే మాట ఏ ఇంగ్లీషాయనో తెలుగు నేర్చుకుంటూ విన్నాడనుకోండి, పుస్తకం ఎక్కణ్ణించి వస్తుందా అని వీధి వైపు చూస్తాడు. ఈ సంగతి ఎందుకు ఎత్తానో తరవాత చెబుతాను.

మేముండేది వాడరేవు, చీరాలకి ఆరేడు కిలోమీటర్లు. మావారు రిటైరయ్యాక చీరాల ఇల్లు పెద్దవాడికి అప్పగించి, సముద్రపు గాలి ఒంటికి మంచిదని ఇక్కడికొచ్చి పడ్డాం. ఒంటి సంగతేమో గాని, కిటికీ ఊచలన్నీ తుప్పు పట్టాయి. వెనకింటివాళ్ళది వేట. ఆయనకి మరబోటులో వాటా ఉంది. ఆవిడ ఎండుచేపలు చీరాల బజారుకి వేస్తుంది. ఒక్కతే కూతురు, డిగ్రీ పూర్తి చేసింది. హైదరాబాదులో ఏదో కంపెనీవాళ్ళకి ఫోనులో మాట్లాడే మనుషులు కావాలిట. ముందు ఫోనులోనే ఇంటర్వ్యూ చేస్తారట. ఆ పరీక్ష కోసం బస్టాండులో కొన్నదే ఈ పుస్తకం. చిన్నప్పుడు నేను కాస్త ఇంగ్లీషు చదువుకున్న పాపానికి, దాన్ని ఆ పిల్లకి నేర్పే పని నా నెత్తిన పడింది.

పుస్తకం పేరు చెప్పను. అలాంటివి బజార్లో బోలెడున్నాయి, ఒకదాన్ని చూసి ఒకటి రాసినట్టే ఉంటాయి. విషయమేమిటంటే, ఇంగ్లీషులో ఓ బుల్లి క్రియ వెనకాల అప్పో, ఆఫో, ఔటో ఓ తోక తగిలించేసరికి అర్థం మరెటో పోతుంది. గివ్ అంటే ఇవ్వడం. గివ్ అప్ అంటే ఆశ వదులుకోవడం. లుక్ అంటే చూడడం. లుక్ ఆఫ్టర్ అంటే ఆలనాపాలనా. వీటికి ఫ్రేజల్ వెర్బులని పేరు. ఆ పేరు లోకానికి తెలిసింది 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ అనే ఆయన రాసిన పుస్తకంతోట. పేరు ఆలస్యంగా పెట్టారు గాని, బాధ పాతదే. 1755లో నిఘంటువు అచ్చువేసిన జాన్సన్ దొరగారే, పరాయివాళ్ళని అన్నిటికంటే తిప్పలు పెట్టేవి ఇవేనని ముందుమాటలో ఒప్పుకున్నాడు. మా వెనకింటి పిల్లకి ఈ కబురు చెబితే కొంచెం ధైర్యం వచ్చింది.

ఇక పుస్తకం సంగతి. ఏమాటకామాటే చెప్పుకోవాలి, అచ్చుతప్పులు తక్కువ. ఓ పేజీ అయితే నిజంగా బాగుంది. ‘స్విచ్ ఆఫ్ ద లైట్’ అన్నా, ‘స్విచ్ ద లైట్ ఆఫ్’ అన్నా సరే గాని, లైటు పేరెత్తకుండా ‘దాన్ని’ అనాల్సి వస్తే ‘స్విచ్ ఇట్ ఆఫ్’ అనే అనాలి, ‘స్విచ్ ఆఫ్ ఇట్’ అనకూడదు అని నాలుగు ముక్కల్లో తేల్చేశాడు. మేం చదువుకునే రోజుల్లో ఈ మాట మాకెవరూ ఇంత సుళువుగా చెప్పలేదు.

మెచ్చుకోలు ఆ పేజీతో సరి. తక్కినదంతా అకారాది క్రమం. ఏ అక్షరం మొదలుపెట్టి జెడ్ దాకా, కిరాణా కొట్టు పద్దులాగా. మూడ్రోజుల్లో ఏ అక్షరం బట్టీపట్టిన పిల్ల, బి అక్షరంలో బ్రేక్ దగ్గరికొచ్చింది. బ్రేక్ డౌన్, బ్రేక్ ఇన్, బ్రేక్ ఆఫ్, బ్రేక్ ఔట్, బ్రేక్ త్రూ, బ్రేక్ అప్. విరగడం, చొరబడడం, తెగిపోవడం, ప్రబలడం, ఛేదించడం, విడిపోవడం. వరసగా అరడజను విరుగుళ్ళు చూసేసరికి పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. “ఏది ఏదో కలిసిపోతోంది ఆంటీ” అంది. కలిసిపోదూ మరి? చీరల కొట్లో ఒకే రంగువి ఆరు కలిపి చూపిస్తే మనకి మాత్రం ఏది ఏదో తెలుస్తుందా?

తెలుగు అర్థాలు మరీ అన్యాయం. ‘పుట్ అప్ విత్ – సహించుట’ అన్నాడు. ఉదాహరణకి ప్రజలు రాజుగారి దౌర్జన్యాన్ని సహించలేదని ఓ వాక్యం. పుస్తకమంతా దొంగలూ, గవర్నర్లూ, రాజులే. గవర్నరుగారిని దర్శించే పని మా వాడరేవులో ఎవరికుందండీ? వాక్యాల్లో ఎక్కడా పొయ్యి వెలగదు, బస్సు తప్పిపోదు, పాలు పొంగవు. అసలు పుట్ అప్ విత్ అంటే ఏమిటో తెలుగాడవాళ్ళకి సహించుట అని చెప్పాలా? అత్తారింటికి వెళ్ళేటప్పుడు అమ్మ చెవిలో చెప్పి పంపిన మాటే అది. సర్దుకుపో! సర్దడమంటే పెట్టెలో బట్టలు సర్దడం, పోవడమంటే వెళ్ళడం. ఆ రెండూ కలిపి సర్దుకుపోవడమంటే ఏమిటో, ఎంత కష్టమో మనలో తెలియనివాళ్ళెవరు? ఈ ఒక్క మాట అనేసరికి ఆ పిల్ల నవ్వి, “మా అమ్మ పుట్ అప్ విత్ చేస్తోంది ఆంటీ, మా నాయనమ్మతో” అంది. ఆ ‘చేస్తోంది’ని అప్పటికి దిద్దకుండా వదిలేశాను. అర్థం మాత్రం సరిగ్గా బోధపడింది.

నా అభ్యంతరమంతా ఇక్కడే. మనకి ఇలాంటి మాటలే లేనట్టూ, ఇదేదో పరాయిదేశపు వింత అయినట్టూ ఈ పుస్తకాలు రాస్తారు. మన నోట రోజూ వందసార్లు దొర్లేవి ఇవే. వాళ్ళు క్రియకి తోక తగిలిస్తారు, మనం క్రియ వెనకాల ఇంకో క్రియ తగిలిస్తాం. తేడా అంతే. లేవడం వేరు, పోవడం వేరు. లేచిపోయింది అంటే మాత్రం వీధి వీధంతా గుసగుసలు. వెనక అనే ఒక్క మాట తీసుకోండి. ‘నాలుగు డబ్బులు వెనకేసింది’ అంటే గుట్టుగా సంసారం చేసిందని మెచ్చుకోలు. ‘కొడుకుని వెనకేసుకొస్తోంది’ అంటే తప్పు కాస్తోందని దెప్పు. ఒకటి బ్యాంకు పుస్తకంలో, ఇంకొకటి పంచాయితీలో. దీన్ని పరాయివాడికి బోధపరచమంటే మనకెంత కష్టం! 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువరించిన బ్రౌన్ దొర, పడు, పెట్టు, కొట్టు వంటి క్రియల వాడుకలు పోగుచేస్తూ ఎన్ని రాత్రులు తల పట్టుకున్నాడో ననిపిస్తుంది నాకు. ఆ తరవాత ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగు క్రియాధాతువుల మీదే పెద్ద గ్రంథం రాశారు, 1961లో. అంటే మన క్రియలు అంత లోతుగలవన్నమాట. ఆ లోతులో కాసిని నీళ్ళు తోడి ఈ ఇంగ్లీషు మొక్కకి పొయ్యకూడదూ?

అందుకని పుస్తకం మూయించి, ఆ పిల్లని రేవు దగ్గరికి తీసికెళ్ళాను. తెల్లవారుజామున బోట్లు వచ్చే వేళ. ఒకటే కేకలు. లాగెయ్, ఎత్తెయ్, వదిలెయ్, దించెయ్! ఈ ‘ఎయ్’లో ఎవరైనా ఏమైనా వేస్తున్నారా? లేదు. పని పూర్తిగా అయిపోవాలి అని దానర్థం. తినెయ్యి, తాగెయ్యి, తుడిచెయ్యి అని మన వంటింట్లోనూ అదే. ఇంగ్లీషువాడు ఈట్ అప్, డ్రింక్ అప్, వైప్ అప్ అన్నప్పుడు ఆ ‘అప్’ చేసే పనీ అచ్చంగా ఇదే. దానికి పైనా కిందా ఏమీ లేదు. అన్నంలో వెయ్యడం లేనట్టే, అప్‌లో ఎక్కడం లేదు. ఈ సంగతి తెలిశాక బుర్రలో ఓ ముప్ఫై మాటలు వాటంతటవే సర్దుకున్నాయిట ఆ పిల్లకి.

సముద్రం దగ్గర నిలబడి ఇంకో మాట కూడా చెప్పుకున్నాం. మా రేవులో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మరబోట్లు వేటకి పోకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం గనుక ప్రభుత్వం వేట నిషేధిస్తుంది. ఆ రెండు నెలలూ వెనకింట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో నాకు తెలుసు. ఆవిడ చెవుల దిద్దులు ఏప్రిల్‌లో మాయమై, ఆగస్టులో మళ్ళీ కనిపిస్తాయి. “ఎలాగో గట్టెక్కాం అక్కా” అంటుంది. దీనికి ఇంగ్లీషులో టైడ్ ఓవర్ అంటారు. టైడ్ అంటే పోటు. గాలి లేనప్పుడు పోటు ఆసరాతో ఓడ నడుపుకుంటూ గండం దాటడం గురించి వాళ్ళ నావికులు అనుకున్న మాటది, తరవాత సంసారాల్లోకి వచ్చింది. వాళ్ళు నీళ్ళమీద ఉండి చెప్పారు, మనం గట్టుమీదికి చేరి చెప్పాం. కష్టం మటుకు ఒక్కటే. పుస్తకంలో టైడ్ ఓవర్‌కి ‘అధిగమించుట’ అని ఉంది. మా వెనకింటావిడ దిద్దులు తాకట్టు పెట్టి అధిగమించుచున్నదంటే ఆవిడే నవ్విపోతుంది.

అన్నిటికంటే అందంగా కుదిరింది చూడడం. లుక్ ఆఫ్టర్ అంటే చూసుకోవడం. “అమ్మని చూసుకో” అంటాం గదా, కళ్ళతో కాదు! లుక్ డౌన్ ఆన్ అంటే చిన్నచూపు చూడడం. లుక్ ఔట్ ఫర్‌కి దగ్గరగా చూసిపెట్టడం, “మా అమ్మాయికి ఏదైనా సంబంధం ఉంటే చూసిపెట్టండి” అన్నట్టుగా. లుక్ ఫార్వర్డ్ టు అంటే ఎదురుచూడడం. ఎదురు అంటే ముందువైపే, ఫార్వర్డ్ కూడా అదే. ఇక్కడ మాత్రం ఒక తిరకాసుంది. మనం ఉత్తరం కోసమూ ఎదురుచూస్తాం, డాక్టరు చెప్పబోయే చెడ్డకబురు కోసమూ గుండె దడతో ఎదురుచూస్తాం. ఇంగ్లీషువాళ్ళది ఒక్క సంతోషానికే. పరామర్శకి రాబోతూ లుకింగ్ ఫార్వర్డ్ అని రాశారో, అయిపోయిందే!

అన్నీ ఇలా కుదురుతాయని నేను అనను. టర్న్ ఔట్, మేక్ ఔట్, గివ్ ఇన్ లాంటివి నాకూ తెలుగులో దొరకలేదు. వాటిని బట్టీ పట్టాల్సిందే. కాని వందలో సగం పొయ్యి దగ్గరే దొరుకుతుంటే, వందా బట్టీ పట్టించడమేం న్యాయం?

ఇంకో విచిత్రం చెప్పనా? వీటిలో కొన్నిటిని మనం ఎప్పుడో మింగేసి, జీర్ణం కూడా చేసుకున్నాం. స్విచ్ ఆఫ్‌లో అసలు క్రియ స్విచ్. మనం దాన్ని పారేసి తోక మాత్రం ఉంచుకుని ‘ఫ్యాను ఆఫ్ చెయ్యి’ అంటున్నాం. చొక్కా లాగులోకి దోపుకోవడానికి టక్ ఇన్ అంటారా, మన మగవాళ్ళలో కొందరు టక్ చేసుకుంటారు, కొందరు ఇన్‌షర్టు వేసుకుంటారు. ఒకళ్ళు తల పట్టుకుపోయారు, ఒకళ్ళు తోక పట్టుకుపోయారు. చీరాల నుంచి గుంటూరుకి రోజూ అప్ అండ్ డౌన్ చేసే ఉద్యోగస్థులకి అసలు క్రియతో పనే లేదు. మేకప్ వేసుకుంటాం, చెకప్ చేయించుకుంటాం, సెండాఫ్ ఇస్తాం, ఎవరైనా గొప్పలు పోతే బిల్డప్ ఇస్తున్నాడంటాం. 2020లో లాక్‌డౌన్ అనే మాట చదువురాని ముసలమ్మల నోట కూడా ఎంత చక్కగా పలికిందో మీకు తెలుసు. అసెంబ్లీలో సభ్యులు లేచిపోతే వాకౌట్ అని పత్రికలవాళ్ళు రాస్తారు. ఆ లెక్కన 1921లో మునిసిపాలిటీ పన్నులు కట్టలేమంటూ, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట చీరాల, పేరాల జనం ఇళ్ళు వదిలి, ఊరిబయట రామనగరమని పాకలు వేసుకుని నెలల తరబడి ఉండిపోయారే, అదీ వాకౌటంటే! ఆయన ఎడింబరోలో చదువుకొచ్చినవాడే గాని, జనాన్ని కదిలించింది తెలుగు మాటతోనే.

ఇలా తోకలూ తలలూ మార్చుకోవడంలో ప్రమాదం కూడా లేకపోలేదు. “నేను చీరాల కాలేజీలో పాస్ ఔట్ అయ్యాను” అని మనవాళ్ళు అంటే చదువు పూర్తయిందని. అదే మాట అమెరికాలో అంటే, అయ్యో పాపం, కాలేజీలో కళ్ళుతిరిగి పడిపోయిందా అని విచారిస్తారు. ఈ హెచ్చరిక ఆ పుస్తకంలో లేదు. ఏ మాట ఎవరు ఎవరితో ఎప్పుడంటారు అనేది అందులో ఎక్కడా లేదు. నేను ఆఖరికి చెప్పదలుచుకున్న తప్పు ఇదే. ఎందుకంటే ఆ తప్పు మా పిల్లకి తగిలింది.

ఇంటర్వ్యూ అయింది. బాగానే మాట్లాడానంది. హోల్డ్ ఆన్ అంటే ఫోను పట్టుకునే ఉంది, గో ఆన్ అంటే చెప్పుకుపోయింది. చివర్లో అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా, “వి విల్ గెట్ బ్యాక్ టు యూ” అందిట. పిల్ల పరుగున ఇంటికెళ్ళి పుస్తకం తిప్పింది. ‘గెట్ బ్యాక్ – తిరిగి పొందుట, మరలివచ్చుట’. ఇంకేముంది, మళ్ళీ వాళ్ళే వస్తారు! ఆ రోజు నుంచి ఫోను పక్కన పెట్టుకునే కూర్చుంది. స్నానానికి వెళితే తల్లి చేతిలో పెట్టి వెళ్ళేది. చీరాలలో ఓ బట్టలకొట్టులో లెక్కలు రాసే పని ఉందని ఎవరో చెబితే, హైదరాబాదువాళ్ళు పిలుస్తారుగా, వద్దంది. ఒక వారం, రెండు వారాలు, మూడు. ఆ పని ఇంకెవరికో పోయింది. నాకు మాత్రం తెలియదా ఆ మాట అర్థం? తెలుసు. పిల్ల మొహం చూసి చెప్పలేకపోయాను. అది నా పిరికితనం, పుస్తకానిది కాదు.

ఆఖరికి చెప్పింది ఇంగ్లీషు ఒక్కముక్క రాని ఆ తల్లే. ఓ మధ్యాహ్నం మా అరుగుమీద కూర్చుని, “ఇంతకీ వాళ్ళు ఆఖర్న ఏమన్నారే?” అని అడిగింది. “మళ్ళీ కబురు చేస్తామన్నారమ్మా” అంది పిల్ల. ఆవిడ బుట్ట దించి కూతురి వంక చూసింది.

“కబురు చేస్తామన్నారా? అయితే రారు లేమ్మా” అంది.

“నన్ను చూసుకోడానికి మీ నాన్నకంటే ముందు నలుగురొచ్చారు. ఇంటికెళ్ళి కబురు చేస్తామనే అన్నారు నలుగురూ. మా నాన్న మూడో సంబంధం దాకా వీధరుగు మీద కూర్చుని దారి చూశాడు. నాలుగోసారి తెలివొచ్చి, ఎప్పటిలోగా కబురు చేస్తారండీ అని మొహమ్మీదే అడిగాడు. వాళ్ళు నీళ్ళు నమిలారు. ఆ సాయంత్రమే మీ నాన్నావాళ్ళకి మనిషిని పంపాడు.”

పిల్ల కాసేపు ఏడ్చింది. తరవాత పుస్తకం తీసి, ‘మరలివచ్చుట’ పక్కన పెన్సిలుతో ‘కబురు చేస్తాం’ అని రాసుకుంది. ఆ పుస్తకం మొత్తంలో బతికున్న అర్థం అదొక్కటే అని నేనంటే అతిశయోక్తి కాదు.

ఆ మాటకి అన్నిసార్లూ రారనే అర్థం కాదనుకోండి. పెళ్ళిచూపుల్లోనూ ఎక్కడో ఒకరు నిజంగానే కబురు చేస్తారు. మొన్న సోమవారం విజయవాడ నుంచి ఇంకో కంపెనీవాళ్ళు ఫోను చేశారు. అరగంట మాట్లాడి, ఆఖర్న అదే మాట అన్నారట. ఈసారి మా పిల్ల “బై వెన్, మేడమ్?” అని అడిగిందట. అవతలావిడ ఒక్క క్షణం ఆగి, శుక్రవారం లోపల చెబుతామందిట.

ఇవాళ గురువారం.